కరపత్రం అడుగున చూడండి

ఎన్నికలు వచ్చాయంటే మైకుల్లో తిట్లే తిట్లు. అసలు ఎదుటివాళ్ళను విమర్శించడమే మాన్పిస్తే పోదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఎమ్మెల్యేగారు అయిదేళ్ళలో మన ఊరికి రోడ్డు వేయించలేదనుకోండి. ఆ మాట పోటీచేసేవాళ్ళు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

ఎన్నికల సంఘం నియమావళి కూడా దీన్ని ఒప్పుకుంటుంది. ఎదుటి పార్టీ చేసిన పనుల్ని, దాని విధానాల్ని విమర్శించవచ్చు. ఇంటి సంగతుల జోలికి మాత్రం పోకూడదు. రుజువు లేని నిందలు వెయ్యకూడదు. కులం, మతం పేరు చెప్పి ఓటు అడగకూడదు.

పోటీలో ఉన్నవాళ్ళ నడవడి మీద అభ్యర్థిగానీ, ఆయన ఏజెంటుగానీ తెలిసి తెలిసి అబద్ధం అచ్చువేయించారా, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద అది తప్పు. హైకోర్టులో రుజువైతే గెలిచిన ఎన్నిక కూడా రద్దవుతుంది. కాకపోతే 45 రోజుల లోపలే కేసు వెయ్యాలి.

ఇంకో సంగతి. ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసిన ప్రెస్సు పేరు, వేయించినవారి పేరు, అడ్రసులు ఉండి తీరాలి. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, 2000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అవి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. మా కేంద్రంలో చదువు నేర్చిన ఒక అక్క ముందు ఆ వరసే చదువుతుంది. ఒకసారి ఏ పేరూ లేని కాగితం చేతికొస్తే, ఎన్నికల అధికారికి ఇవ్వమని నేరుగా తహసీల్దారు ఆఫీసుకు పట్టుకుపోయింది.