వార్తల్లో పదం: నార్మలైజేషన్

ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులకు పరీక్ష కంప్యూటర్‌పై, పలు రోజులు, పలు విడతల్లో జరిగింది. ఉదయం ఇచ్చిన పేపరే మధ్యాహ్నమూ ఇస్తే గోప్యత గంగలో కలిసినట్టే. పేపరు మారిస్తే ఉదయం రాసిన అమలాపురం అభ్యర్థికి కఠినంగా, మధ్యాహ్నం రాసిన రాజోలు అభ్యర్థికి తేలిగ్గా రావచ్చు. ఆ తేడాను గణితంతో సరిచేయడమే నార్మలైజేషన్. ‘నేను తెచ్చుకున్న మార్కు ఎందుకు మారాలి?’ అన్న బాధలో న్యాయముంది. కానీ తేలిక పేపరులో 62, కఠినమైన దాంట్లో 58 ఒకే ప్రతిభకు గుర్తులు కావచ్చు. మార్చకపోవడమే అప్పుడు అన్యాయం. ప్రశ్నలను పరీక్ష ముగిసేదాకా దాచాలి, సరే. లెక్క కట్టే సూత్రాన్ని దాచడానికి మాత్రం ఏ కారణమూ లేదు: అది నోటిఫికేషన్‌లోనే ఉండాలి, ఫలితాల్లో అసలు మార్కు, సవరించిన మార్కు పక్కపక్కనే కనిపించాలి. అన్ని విడతల్లోనూ అభ్యర్థుల స్థాయి ఒకటేనన్న ఊహే ఈ పద్ధతిలో బలహీనత. కొద్దిమందే రాసిన విడతలో ఆ ఊహ నిలబడదు. అందుకే ఎవరు ఏ విడతలో రాయాలో లాటరీలా తేలాలి, ప్రతి విడతలోనూ తగినంతమంది ఉండాలి.