దుబాసీల నగరం కార్తహేనా

దక్షిణ అమెరికా ఖండపు ఉత్తరపు అంచున, కరీబియన్ సముద్రతీరంలో, కొలంబియా దేశానికి చెందిన ఒక ప్రాచీనమైన రేవు పట్టణమున్నది. దాని పూర్తి పేరు 'కార్తహేనా దె ఇందియాస్'. పేరు చివరనున్న 'ఇందియాస్'కూ మన దేశానికీ సంబంధం లేదు. పడమటికి ఓడ నడిపి తూర్పు చేరుకొన్నాననుకొన్న కొలంబస్ భ్రమ ఆ భూములకు మిగిల్చిన పేరది. ఇక 'కార్తహేనా' అన్నది స్పెయిన్ దేశపు రేవు ఒకదాని పేరు. రోమనులు ఆ రేవును 'కార్తాగో నోవా' అన్నారు. దానికి మాతృక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి. ఫినీషియనుల భాషలో ఆ తొలి పేరుకు అర్థం 'కొత్త ఊరు'. 'నోవా' అన్నా కొత్తదనే అర్థం. ఈ విధంగా 'కొత్త కొత్త ఊరు' అన్న పునరుక్తి మూడు ఖండాలు తిరిగి, అర్థం మరచిపోయిన నోళ్ళలో స్థిరపడినది. అంతకు పూర్వం ఆ స్థలంలో ఉండిన ఆదివాసుల గ్రామం 'కలమారీ' పేరు పటం నుండి తొలగిపోయినది.

1533లో పేద్రో దె ఎరేదియా అన్న స్పానిష్ దండనాయకుడు ఈ నగరాన్ని స్థాపించినాడు. 1984లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. సందర్శకులు గడియార స్తంభం కింది ద్వారంగుండా కోటలోనికి ప్రవేశించి, పూలతీగలు వేలాడే కొయ్య వసారాల వీధులు తిరిగి, మిఠాయి అంగళ్ళ వరండాలో కొబ్బరి లౌజు రుచి చూచి, మతవిచారణ న్యాయస్థానం 1610లో నెలకొని ఇప్పుడు వస్తుప్రదర్శనశాలగా మారిన భవనాన్ని దర్శించి, సాయంకాలానికి ప్రాకారమెక్కి సూర్యాస్తమయం చూస్తారు. సుమారు 11 కిలోమీటర్ల పొడవున కట్టిన ప్రాకారమది. 1586లో ఇంగ్లీషు నావికుడు డ్రేక్ నగరాన్ని పట్టుకొని 1,07,000 డుకాట్ల సొమ్ము గుంజుకొని విడిచిపెట్టిన తరువాత, ఇటలీవాడైన అంతోనెల్లి అన్న స్థపతి రక్షణకు పథకం వేసినాడు. రాళ్ళు మోసిన చేతులలో అధికభాగం బానిసలవి.

ఇదంతా చూడదగినదే. కాని ఈ నగరంలో కంటికి దొరికేది సగమే. పుట్టినది మొదలు ఇది ఒకరి మాటను మరొకరు పలికితేగాని నడవని ఊరు. మచిలీపట్నంలోను మదరాసులోను తెల్లవర్తకులు కాలు పెట్టినప్పుడు మనవారు 'దుబాసీ' అన్న వృత్తిని ఎరిగినారు. మదరాసు సుప్రీం కోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరాలలో కాశీయాత్ర చేసి, దాని చరిత్ర రాసి, తెలుగులో యాత్రా సాహిత్యానికి దారి వేసినాడు. ఇతరుల మాటలను మోయడం వృత్తిగా గలవాడు దేశాన్ని చూస్తే ఆ చూపు వేరుగా ఉంటుందనడానికి ఆ గ్రంథమే సాక్ష్యం. కార్తహేనాను ఆ చూపుతో చూడవలెను.

నగర ప్రవేశంలో కనబడే కంచు విగ్రహం కాతలీనా అన్న ఆదివాసి స్త్రీది. పదహారవ శతాబ్ది తొలి సంవత్సరాలలో స్పెయిన్‌వారు ఈ తీరం నుండి ఆమెను బాల్యంలోనే ఎత్తుకొనిపోయినారు. శాంతో దొమింగోలో పెరిగి, వారి భాషా మతమూ నేర్చి, ఎరేదియా వెంట దుబాసీగా ఆమె తిరిగివచ్చినది. కాతలీనా అన్నది జ్ఞానస్నానంలో పెట్టిన పేరు. తల్లి పిలిచిన పేరు ఎవరికీ తెలియదు. తన వారి మాటను తనను అపహరించిన వారికి, వారి మాటను తన వారికి చేరవేసినప్పుడు ఆమె ఏమి కలిపినదో, ఏమి విడిచినదో ఏ దస్తావేజూ చెప్పదు. 1974లో ఎలాదియో హిల్ అన్న శిల్పి ఆమెను తలలో ఈకతో, దాదాపు వివస్త్రగా, నిటారుగా నిలబెట్టినాడు. విగ్రహం అందమైనదే, నగరంలో 1960 నుండి జరుగుతున్న చలనచిత్రోత్సవంలో బహుమానంగా ఇచ్చేది దాని చిన్న ప్రతిమనే. కాని రెండు భాషల మధ్య జీవితం గడిపిన స్త్రీకి శిల్పి ఇచ్చినది దేహం మాత్రమే. ఆమె చేసిన పని ఆ కంచులో ఎక్కడా కనబడదు.

గడియార స్తంభం దాటగానే వచ్చే విశాలమైన కూడలిని నేడు బండ్ల చౌకు అంటారు. ఒకప్పుడది బానిసల సంత. స్పానిష్ సామ్రాజ్యానికి ఆఫ్రికా బానిసలు దిగడానికి అనుమతి గల ముఖ్యమైన రేవులలో కార్తహేనా ఒకటి. ఓడ దిగినవారు ఒకే భాషవారు కారు. అలోన్సో దె సందోవాల్ అన్న జెసూట్ ఫాదరీ 1627లో సెవిల్ నగరంలో అచ్చు వేయించిన గ్రంథంలో, ఏ తీరాలనుండి ఎవరు వస్తున్నారో, ఏ భాషలు మాట్లాడుతున్నారో, వారికెట్టి దుబాసీలు కావలెనో వివరించినాడు. బానిసత్వాన్ని నిర్మూలించుమని ఆయన కోరలేదు; వారి భాషలకు మాత్రం చెవి ఒగ్గినాడు.

సందోవాల్ శిష్యుడే పేద్రో క్లావేర్. కాతలోనియాలో 1580లో పుట్టి, 1610లో ఇక్కడికి వచ్చి, 1654లో మరణించేవరకు బానిసల ఓడలకు ఎదురేగి రోగులకు ఉపచారం చేసినాడు. జీవితాంతం నల్లవారికి బానిసగా ఉంటానని 1622లో ప్రతిజ్ఞ రాసుకొన్నాడు. 1888లో చర్చి ఆయనను పునీతుడిగా ప్రకటించినది. ఆయన పేరిట వెలసిన దేవాలయంలో బలిపీఠం కింద అద్దాల పెట్టెలో ఆయన అస్థులున్నవి. సందర్శకులు అక్కడ మౌనంగా నిలబడతారు. ఆ మౌనంలో మరచిపోయే సంగతి ఒకటున్నది. క్లావేర్‌కు ఆఫ్రికా భాషలలో చాలావాటితో పరిచయం లేదు. ఆయన వెంట ఓడ అడుగుభాగంలోకి దిగి, చీకటిలో, దుర్గంధంలో, భయంతో వణికే మనుష్యులతో వారి భాషలో తొలి మాట పలికినవారు దుబాసీలు. వారు కూడా ఆఫ్రికావారే. జెసూట్ విద్యాలయం వెలపెట్టి కొన్న బానిసలు. వారిలో ఆంద్రేస్ సకబూచే అంగోలావాడు. మరొకడు అనేక భాషలు తెలిసినవాడైనందున 'కలెపీనో' అన్న మారుపేరుతో పిలువబడినాడు; అది ఆ కాలపు ప్రసిద్ధ బహుభాషా నిఘంటువు పేరు. మనలో ఒక పండితుణ్ణి 'శబ్దరత్నాకరం' అని పిలిచినట్లన్నమాట, కాని ఇక్కడ నిఘంటువును కొనవచ్చును, అమ్మవచ్చును. తనను బానిసగా పిలుచుకొన్న ఫాదరీ, నిజంగా బానిసలైన దుబాసీలు పక్కపక్కన నడిచినారు. క్లావేర్ మరణానంతరం ఆయన పవిత్రతను గూర్చి జరిగిన విచారణలో ఈ దుబాసీలు సాక్ష్యమిచ్చినారు. ఓడలలో ఆయన ఏమి చేసినదీ లోకానికి తెలిసినది చాలావరకు వారి నోటినుండే.

గాబ్రియేల్ గార్సియా మార్కేస్ ఈ పొరను బాగా ఎరిగినవాడు. 1948లో బొగోతా అల్లర్ల తరువాత ఆయన ఈ నగరానికి వచ్చి 'ఎల్ యూనివెర్సాల్' పత్రికలో పని చేసినాడు. 2014లో మెక్సికోలో మరణించగా, 2016లో ఆయన చితాభస్మాన్ని ఇక్కడి విశ్వవిద్యాలయానికి చెందిన లా మెర్సెద్ మఠపు ప్రాంగణంలో నిక్షేపించినారు. కలరా కాలపు ప్రేమకథలోని పేరులేని నగరాన్ని వెదుకుతూ పాఠకులు ఈ వీధులలో తిరుగుతారు. మార్గదర్శకులు ప్రతి గుమ్మాన్నీ ఆ కథలోని ఇంటిగా చూపిస్తారు. కాని నగరపు అంతరంగానికి మరింత దగ్గరగా వెళ్ళినది ప్రేమనూ దయ్యాలనూ గూర్చి 1994లో వచ్చిన నవల. అందులో సియెర్వా మరియా అన్న బాలిక మార్కీ ప్రభువు కూతురు. తల్లిదండ్రుల ఆదరణ లేక బానిసల వాడలో, వారి భాషలలో, వారి దేవతల మధ్య పెరిగినది. పిచ్చికుక్క కరచిన తరువాత దయ్యం పట్టినదన్న అనుమానంతో ఆమెను శాంతా క్లారా సన్యాసినుల మఠంలో బంధిస్తారు. ఆమెకు ఆఫ్రికా భాషలు రావడం కూడా దయ్యానికి నిదర్శనమవుతుంది. పాలకుల చెవికి అర్థం కానిది పిశాచభాష అనిపించుకోవడం చరిత్రలో ఒక్క కార్తహేనాకే పరిమితం కాదు. శాంతా క్లారా మఠం నేడు ఖరీదైన హోటలు.

కోట సంగతి క్లుప్తంగా చెప్పవచ్చును. సాన్ ఫెలిపే దుర్గం ముందు 1741లో ఇంగ్లీషు నౌకాధిపతి వెర్నన్ 180కి పైగా ఓడలతో వచ్చి ఓడిపోయినాడు. నగరాన్ని కాపాడిన బ్లాస్ దె లేసో ఒంటికన్ను, ఒంటికాలు, ఒక చేయి పనిచేయని యోధుడు. విజయవార్త ముందుగానే అందినదనుకొని ఇంగ్లండులో లేసో మోకరిల్లినట్లు పతకాలు పోతపోసినారు. అవి నేటికీ ఉన్నవి. వెర్నన్ సేనలో వైద్యుని సహాయకుడుగా వచ్చిన స్మాలెట్ ఆ అధ్వాన్నపు దండయాత్రను తరువాత 1748 నాటి నవలలో చిత్రించినాడు. దుర్గానికి వెనుక కంచుతో చేసిన పెద్ద పాతజోళ్ళ జత ఉన్నది. పాతజోళ్ళపై మనిషికుండే మమకారం వంటిదే తన ఊరిపై తనకున్న ప్రేమ అని రాసిన స్థానిక కవి లూయిస్ కార్లోస్ లోపెస్ స్మారకమది. కవికి జోళ్ళు స్మారకమైన ఊళ్ళు అరుదు. దక్కకపోయిన మరొక గౌరవాన్ని కూడా ఇక్కడ పేర్కొనవలెను. 1590లో సెర్వాంతెస్ అమెరికా ఖండంలో ఉద్యోగం కోసం రాజుకు అర్జీ పెట్టుకొన్నాడు. ఆయన అడిగిన పదవులలో కార్తహేనా ఓడల లెక్కలగుమాస్తా పని ఒకటి. ఇక్కడే ఏదైనా చూచుకొమ్మని అర్జీని తిప్పి పంపినారు. 'దాన్ కిహోతె' ఆ తిరస్కారం తరువాతిదే.

ప్రాకారం లోపలి కూడళ్ళలో రంగురంగుల పావడాలతో, తలపై పండ్ల గంపలతో కనబడే నల్లజాతి స్త్రీలను ప్రతి సందర్శకుడూ ఛాయాచిత్రం తీస్తాడు. వారిని 'పలెంకేరా'లంటారు. నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని సాన్ బసీలియో దె పలెంకే అన్న గ్రామం పేరున వచ్చిన మాట అది. పారిపోయిన బానిసలు కంచెలు కట్టుకొని స్వతంత్రంగా బ్రతికిన ఊళ్ళను 'పలెంకే' అనేవారు. వారి నాయకుడు బెంకోస్ బియోహోతో పాలకులు మొదట సంధి చేసికొని, 1621లో ఉరి తీసినారు. ఆ గ్రామపు కూడలిలో ఆయన విగ్రహం సంకెళ్ళు తెంచుకొంటూ నిలిచి ఉన్నది.

ఆ గ్రామానికి తన సొంత భాష ఉన్నది. పలెంకేరో అంటారు. మాటలలో అధికభాగం స్పానిష్ నుండి వచ్చినవి. వ్యాకరణంలో కొంత భాగం కాంగో నదీప్రాంతపు భాషలది. మనకు 'లు' నామానికి చివర చేరి బహువచనమైతే, వారికి 'మ' అన్న మాట నామానికి ముందు నిలిచి ఆ పని చేస్తుంది. స్పానిష్‌లో నిషేధం క్రియకు ముందు వస్తుంది; పలెంకేరోలో వాక్యాంతంలో 'ను' అని వస్తుంది. వాక్యం ముగిసేవరకు అవునో కాదో తేలని ఆ పద్ధతిని తెలుగువారికి వివరించనక్కరలేదు. ఈ భాషను నగరంలో చాలాకాలం చెడిపోయిన స్పానిష్ అని ఎగతాళి చేసినారు. ఆ ఎగతాళికి వెరచి తల్లులు పిల్లలతో ఆ భాషలో మాట్లాడడం మానుకొన్నారు. ఒకటి రెండు తరాలలో అది వృద్ధుల నోళ్ళకు, మృతులకోసం రాత్రులు మేలుకొని పాడే లుంబలూ పాటలకు పరిమితమయ్యే స్థితి వచ్చినది. 1980ల చివర గ్రామపు బడిలో దానిని పాఠ్యాంశంగా ప్రవేశపెట్టినారు. 2005లో యునెస్కో ఆ గ్రామ సంస్కృతిని మానవజాతి మౌఖిక వారసత్వపు ఉత్తమ నిదర్శనాలలో ఒకటిగా ప్రకటించినది. ఇంటిలో అమ్మమ్మ దాచిపెట్టిన మాటలను మనుమలు ఇప్పుడు నల్లబల్లపై చూచి చదువుకొంటున్నారు.