వినబడని శబ్దంతో వైద్యం

పిల్లలూ! ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చే ప్రయోగం మీలో చాలామంది చూసే ఉంటారు. మామూలు ఎండ కాగితం మీద ఎంతసేపు పడినా కాగితం అంటుకోదు. భూతద్దం ఆ ఎండను పోగుచేసి ఒక్క చుక్కలోకి దించేసరికి అక్కడ పొగ లేస్తుంది. ఆ చుక్కకు అంగుళం దూరాన ఉన్న కాగితానికి మాత్రం ఏమీ కాదు. (పెద్దవాళ్ళు దగ్గర లేకుండా ఈ ప్రయోగం చేయకండి. భూతద్దంలోంచి సూర్యుణ్ణి ఎన్నడూ చూడకండి.)

ఈ కిటుకుతోనే ఈనాడు వైద్యులు, ఒంటి మీద కత్తి పెట్టకుండా, లోపల ఉన్న కొన్ని వ్యాధులను కాల్చివేస్తున్నారు. కాని వాళ్ళు వాడేది ఎండను కాదు, శబ్దాన్ని!

“శబ్దం ఎక్కడైనా కాలుస్తుందా?” అని మీకు సందేహం కలగవచ్చు. చెబుతాను, వినండి.

మోగుతున్న గుడిగంటను వేలితో తాకితే అది వణుకుతూ ఉండటం తెలుస్తుంది. ఆ వణుకే గాలిలో అలలుగా వచ్చి మన చెవికి తగులుతుంది. సెకనుకు 20 మొదలు 20,000 దాకా వణికే శబ్దాలు మాత్రమే మనకు వినబడతాయి. అంతకు మించినవాటిని అతిధ్వనులు అంటారు. గబ్బిలాలు చీకటిలో దారి తెలుసుకునేది ఇటువంటి ధ్వనులతోనే.

శబ్దం శరీరంలోకి వెళ్ళినప్పుడు దాని శక్తిలో కొంత వేడిగా మారుతుంది. అరచేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటే వేడెక్కుతాయి గదా, అలాగే అనుకోండి. మామూలు ధ్వని పుట్టించే వేడి లెక్కలోకి రానంత స్వల్పం. బలమైన అతిధ్వనులను ఒకచోట పోగుచేస్తే మాత్రం సంగతి వేరు.

ఇటువంటి ధ్వనులను పుట్టించే మార్గానికి పునాది 1880లో పడింది. ఆ ఏడు ఫ్రాన్సు దేశంలో జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే అన్నదమ్ములు స్ఫటికాన్ని నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనిపెట్టారు. దానికే విద్యుత్తును అందిస్తే అది వణుకుతుందని తరువాత తేలింది. పియరీ క్యూరీ శిష్యుడు పాల్ లాంజెవిన్, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో, సముద్రం అడుగున దాగిన జలాంతర్గాములను పసికట్టడానికి స్ఫటికంతో అతిధ్వనులు పుట్టించాడు. ఆ ధ్వని దారిలోకి వచ్చిన చేపలు చచ్చిపోవటం ఆయన గమనించాడు. నీటిలో చెయ్యి పెడితే నొప్పి పుట్టింది. వినబడని ఆ ధ్వనిలో ఎంత బలమున్నదో అప్పుడు తెలిసింది.

1942లో అమెరికాలో లిన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మరొక అడుగు వేశారు. గిన్నెలా వంపు తిరిగిన స్ఫటికం నుంచి ధ్వనిని పంపి, పైభాగం చెడకుండా మాంసం లోపలి భాగాన్ని మాత్రమే కాల్చగలిగారు. భూతద్దం ఎండకు చేసే పనిని ఆ వంపు ధ్వనికి చేసిందన్నమాట. అయితే మనిషి ఒంటిలో ఎక్కడ కాల్చాలో కంటికి కనబడాలి గదా! శరీరం లోపలి భాగాలను స్పష్టంగా చూపే యంత్రాలు వచ్చినదాకా ఈ విద్య వైద్యానికి అంతగా అక్కరకు రాలేదు.

ఇప్పుడు ఈ చికిత్స ఎవరికి ఉపయోగపడుతున్నదో చూద్దాం. మగవారికి మూత్రాశయం కింద ప్రోస్టేటు అనే చిన్న గ్రంథి ఉంటుంది. దాని పరిమాణం అక్రోటు కాయంత. వయసు మళ్ళిన కొందరికి ఈ గ్రంథిలో కేన్సరు పుడుతుంది. గ్రంథినంతా కోసి తీసివేయటం, లేదా కిరణాలతో చికిత్స చేయటం ఎప్పటినుంచో ఉన్న పద్ధతులు. వీటితో ఎందరో బాగుపడ్డారు. కాని ఆ గ్రంథిని ఆనుకునే మూత్రాన్ని అదుపులో ఉంచే కండరమూ, సన్నని నరాలూ ఉన్నాయి. వాటికి దెబ్బ తగిలితే, రోగం పోయినా, కొందరికి మూత్రం అదుపు తప్పుతుంది. మర్యాదగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో ఊహించండి.

1990 తరువాతి సంవత్సరాలలో ఫ్రాన్సులోని లియోన్ నగరంలో ఆల్బెర్ జెలే అనే వైద్యుడు, మరికొందరు ఐరోపా వైద్యులు ఈ కేన్సరు మీద అతిధ్వనులను ప్రయోగించసాగారు. అమెరికా ప్రభుత్వం 2015లో ఇటువంటి యంత్రానికి అనుమతి ఇచ్చింది.

చికిత్స ఇలా జరుగుతుంది. రోగికి మత్తు ఇస్తారు. మలద్వారం గుండా ఒక గొట్టం వంటి సాధనాన్ని లోపలికి పంపుతారు. అక్కడినుంచి ప్రోస్టేటు గ్రంథికి అడ్డం పలచని గోడ ఒక్కటే. ఆ గోడ వేడెక్కకుండా సాధనం చుట్టూ చల్లని నీరు తిరుగుతూ ఉంటుంది. లోపలి బొమ్మను తెరమీద చూస్తూ, సెకనుకు 30, 40 లక్షలసార్లు వణికే ధ్వనిని కొద్ది సెకన్లపాటు ఒక్క బిందువు మీదికి పంపుతారు. అక్కడ వేడి 80 డిగ్రీలు దాటుతుంది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిది కానట్టే, అక్కడి కణాలు ఇక బతకవు. ఒక్కొక్కసారి కాలేది ఇంచుమించు బియ్యపుగింజంత మేర. అలా గింజ పక్కన గింజగా, రోగమున్న భాగమంతా కాల్చుకుంటూ పోతారు. చాలామంది ఆనాడో మరునాడో ఇంటికి వెళతారు.

ఇది సర్వరోగనివారిణి కాదు సుమా! వాపువల్ల కొన్ని రోజులు మూత్రానికి గొట్టం ఉంచుకోవలసి రావచ్చు. పక్కనున్న నరాలకు హాని కలగటం తగ్గుతుందే గాని, బొత్తిగా లేకుండా పోదు. రోగం మళ్ళీ తలెత్తవచ్చు గనుక తరువాత కూడా పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. శస్త్రచికిత్సకున్నంత దీర్ఘకాలపు అనుభవం దీనికింకా లేదు. నెమ్మదిగా పెరిగే కొన్ని కేన్సర్లకు ఏ చికిత్సా చేయక, జాగ్రత్తగా కనిపెట్టి ఉండటమే మేలు. ఎవరికి ఏది తగునో నిర్ణయించవలసింది వైద్యుడే.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏమంటే, రోగం గ్రంథి దాటి పాకిపోతే ఈ చికిత్స పనికిరాదు. “గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవద్దు” అని మన పెద్దలు అననే అన్నారు. కాని ఈ జబ్బులో ఒక చిక్కున్నది. తొలిరోజులలో నొప్పి గాని, మరే బాధ గాని సాధారణంగా ఉండదు. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్షలో అనుమానం కలిగితే, తక్కిన పరీక్షలతో అసలు విషయం తేలుస్తారు. యాభై దాటిన మగవారు ఈ పరీక్ష తమకు అవసరమేమో వైద్యుణ్ణి అడగటం మంచిది. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే అడగాలి.

కొందరు తాతగార్లు రాత్రివేళ నాలుగైదుసార్లు లేస్తూ, మూత్రం రాక అవస్థ పడుతూ కూడా, సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. చాలాసార్లు అది కేన్సరు కాదు, వయసుతో గ్రంథి ఉబ్బటమే. దానికీ మందులున్నాయి. చూపించుకుంటేనే గదా ఏదో తెలిసేది!

అందుచేత, పిల్లలూ, ఈ వ్యాసం మీ తాతగారికి చదివి వినిపించండి. “ఈ వయసులో నాకెందుకురా ఇవన్నీ?” అని ఆయన నవ్వేస్తే, గోరూ గొడ్డలీ సామెతకు అర్థం చెప్పమని ఆయననే అడగండి.