వాంటన్ ముద్దకు నీళ్లు పట్టించాలి

వాంటన్ చేయడం నేర్పే వీడియోల్లో కెమెరా ఎక్కువసేపు వేళ్ల మీదే ఉంటుంది. చదరపు రేకులో కాస్త మాంసం పెట్టడం, త్రికోణంగా మడవడం, రెండు కొసలూ కలిపి నొక్కడం. చూడముచ్చటగా ఉంటుంది కాబట్టి విద్యంతా అందులోనే ఉందనిపిస్తుంది. కానీ మడత కాస్త వంకరపోయినా రుచికి వచ్చే లోటేమీ లేదు. ఇంట్లో చేసినవి ఎక్కువగా చెడేది లోపలి ముద్ద దగ్గర. ఉడికేసరికి మాంసం బిగుసుకుపోయి రేకు నుంచి విడిపోతుంది. కొరికితే పొడిపొడిగా రాలుతుంది. రసమంతా అప్పటికే మరిగే నీళ్ల పాలై ఉంటుంది. చైనాలో చేయి తిరిగినవాళ్లు ముందు ఆ ముద్ద సంగతి చూసుకుంటారు. పచ్చి మాంసానికి నీళ్లు పట్టించాలి, ఉడికినా ఆ నీళ్లు బయటికి పోకూడదు. కష్టమంతా ఇందులోనే ఉంది.

ఊరు మారితే వాంటన్ పేరూ మారుతుంది, తీరూ మారుతుంది. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్‌లలో పంది మాంసంతో పాటు రొయ్యలు వేస్తారు. సన్నటి కోడిగుడ్డు నూడుల్స్‌తో కలిపి, ఎండు చేప పరిమళం ఉన్న రసంలో వడ్డిస్తారు. షాంఘైలో రెండు రకాలు. పెద్దవాటిలో పంది మాంసంతో పాటు జీత్సాయ్ అనే పొలం గట్ల ఆకుకూర ఉంటుంది. చిన్నవాటిలో మాంసం పేరుకే, తినేది రేకునీ రసాన్నీ. సిచువాన్‌లో వీటిని చావ్‌షౌ అంటారు, మిరప నూనెలో ముంచి పెడతారు. సూజౌ వైపు సాధారణంగా డిసెంబర్ 21 లేదా 22న వచ్చే శీతకాలపు అయనాంతం రోజున వాంటన్ తినడం ఆచారం. సింగపూర్, మలేషియాల్లో ఉండే తెలుగువాళ్లకు హాకర్ సెంటర్లలో దొరికే ‘వాంటన్ మీ’ అనే నూడుల్స్ వంటకం పరిచయమే. అది గ్వాంగ్‌డాంగ్ నుంచి వలస వెళ్లినవాళ్లు తీసుకెళ్లిన వంటే.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది ఫూజియన్ రాష్ట్రంలోని షాషియన్ పద్ధతి. అక్కడ మాంసాన్ని కత్తితో తరగరు. కొవ్వు తక్కువున్న పంది కండను చెక్క సుత్తులతో బాది బాది జిగురు ముద్ద చేస్తారు. అది ఉడికాక పళ్ల కింద సాగి తెగుతుంది. అదే రాష్ట్రంలోని ఫూజౌలో ఇంకో అడుగు ముందుకేశారు. బాదిన పంది మాంసంలో చిలగడదుంప పిండి కలిపి, కాగితమంత పలచగా ఒత్తి, రేకునే మాంసంతో చేసేస్తారు. ఈ బాదడం వెనకున్న కిటుకు అర్థమైతే మన వంటింట్లో సుత్తి అక్కర్లేదు, నాలుగు చాప్‌స్టిక్‌లు గానీ ఒక గట్టి గరిటె గానీ చాలు.

కండలో మయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మంచినీళ్లలో కరగదు, ఉప్పు తగిలితే కరుగుతుంది. కీమాలో ఉప్పు వేసి గట్టిగా కలియతిప్పినప్పుడు కండ పోగుల నుంచి అది బయటికొచ్చి జిగురవుతుంది. వేడి తగలగానే ఆ జిగురు వలలా గడ్డకట్టి, చుట్టూ ఉన్న నీటినీ కొవ్వునీ తనలో బంధించేస్తుంది. చేప ఉండలు ఎగిరిపడేలా ఉండడానికీ, సాసేజ్ ముక్క కోసినా రసం కారకపోవడానికీ ఇదే కారణం. ఉప్పు వేయకముందే నీళ్లు పోస్తే జిగురు ఉండదు, నీళ్లు పట్టుకునేదే ఉండదు. అందుకే వరుస తప్పకూడదు: ముందు ఉప్పు, తర్వాత తిప్పడం, ఆ తర్వాతే నీళ్లు.

ఇక మాంసం కొనడం. 10 పాళ్లలో 3 పాళ్లు కొవ్వు ఉండాలి. భుజం మాంసం దీనికి బాగా పనికొస్తుంది. మన దగ్గర పంది మాంసం అన్ని దుకాణాల్లో దొరకదు. దొరికేచోట కూరకు సరిపడే ముక్కలు కొట్టివ్వడమే అలవాటు. కండా కొవ్వూ విడిగా అడిగి తీసుకుని ఇంట్లో కొట్టుకోవడం మేలు. ముక్కల్ని అరగంట, ముప్పావుగంట ఫ్రీజర్లో పెడితే పైన బిరుసెక్కుతాయి, అప్పుడు కత్తికి లొంగుతాయి. మిక్సీలోనైనా అలా చల్లబడ్డవే వేసి, ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే వేడెక్కి కొవ్వు కరిగి పులుముకుపోతుంది. కరిగిన కొవ్వు జిగురుకు శత్రువు. ఆరోగ్యం పేరు చెప్పి కొవ్వు మొత్తం తీసేసేవాళ్లకు ఒకటే మాట: అలాగైతే ఆ పూట వాంటన్ మానేసి ఇంకేదైనా వండుకోండి. పంది మాంసం తిననివాళ్లు కోడి తొడ మాంసంతో చేసుకోవచ్చు, కాస్త నూనె ఎక్కువ వేస్తే సరి.

పావు కిలో కీమాకు అర టీస్పూను ఉప్పు, రెండు టీస్పూన్ల లైట్ సోయా సాస్, అర టీస్పూను చక్కెర, చిటికెడు తెల్ల మిరియాల పొడి వేసి తిప్పడం మొదలుపెట్టండి. లైట్ అంటే రుచి తక్కువని కాదు. రంగు తక్కువ, ఉప్పు ఎక్కువ. డార్క్ సోయా వేస్తే ముద్ద నల్లబడుతుంది, పలుచటి రేకులోంచి ఆ నలుపు కనిపిస్తుంది. ఈలోగా ఒక అంగుళం అల్లం, రెండు ఉల్లికాడలు నలిపి పావు కప్పు చల్లటి నీళ్లలో నానబెట్టి ఉంచుకోవాలి. పంది మాంసపు నీచు వాసనకు చైనావాళ్ల మందు ఇదే. షావ్‌షింగ్ బియ్యపు వైన్ దొరికితే ఒక టీస్పూను వేయవచ్చు, లేకపోయినా వంట ఆగదు.

రెండు మూడు నిమిషాలకు కీమా గిన్నెకు అంటుకోవడం మొదలవుతుంది. అప్పుడు అల్లం నీళ్లు వడకట్టి ఒక చెంచా పోయండి. ముద్ద పలచబడి జారుతున్నట్టు కనిపిస్తుంది, కంగారు పడొద్దు. తిప్పుతుంటే పీల్చేసుకుని మళ్లీ బిగుస్తుంది. అప్పుడు ఇంకో చెంచా. పావు కప్పూ ఇలాగే ఎక్కించాలి. ఒక్కసారిగా కుమ్మరిస్తే మాంసం ఒకవైపు, నీళ్లు ఒకవైపు అవుతాయి. ఒకే దిక్కుకు తిప్పాలని, దిక్కు మారిస్తే పట్టు విడిపోతుందని చైనా వంటిళ్లలో పట్టుబడతారు. నా మటుకు దిక్కు కన్నా ఎంతసేపు తిప్పామన్నదే లెక్క. కాకపోతే ఒకే వైపు తిప్పితే చేతికి ఒక లయ కుదురుతుంది, పని సాగుతుంది. ముద్ద లేత రంగుకు తిరిగి, గరిటె బోర్లించినా జారకుండా అతుక్కుని ఉంటే నీళ్లు పట్టినట్టు.

నువ్వుల నూనె చివర్లో వేయాలి. ముందే వేస్తే మాంసాన్ని పూతలా కప్పేసి నీళ్లు పట్టనివ్వదు. ఇక్కడో చిక్కుంది. చైనా నువ్వుల నూనె దోరగా వేయించిన నువ్వుల నుంచి తీసినది, ముదురు రంగులో ఘాటైన వాసనతో ఉంటుంది. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది. పచ్చడికి ప్రాణమే కానీ ఇక్కడ ఆ వాసన రాదు. చైనాది దొరక్కపోతే రెండు చెంచాల నువ్వులు ఎర్రగా వేయించి నూరి, మన నూనెలోనే వెచ్చబెట్టి వాడండి, చాలావరకు దగ్గరికొస్తుంది. సన్నగా తరిగిన ఉల్లికాడలు మడిచే ముందు కలపాలి, ముందే వేస్తే ఉప్పుకు నీరు వదులుతాయి. ముద్దను ఒక అరగంటైనా ఫ్రిజ్‌లో ఉంచితే బిగుసుకుని మడవడానికి వీలవుతుంది. ఉప్పు చాలిందో లేదో చూడ్డానికి పచ్చి ముద్ద నాలుక మీద పెట్టుకోకండి. చిటికెడు తీసి నీళ్లలో ఉడికించి తినండి. సరిగా ఉడకని పంది మాంసంతో బద్దెపురుగు సోకవచ్చు.

రేకులు నగరాల్లోని కొన్ని పెద్ద దుకాణాల్లో ఫ్రీజర్లో దొరుకుతాయి. చేసుకోవాలంటే 200 గ్రాముల మైదా, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు, సుమారు 40 మిల్లీలీటర్ల నీళ్లు. పూరీ పిండి కన్నా గట్టిగా ఉండాలి. మొదట పగుళ్లతో మొండికేస్తుంది, నీళ్లు పోయాలనిపిస్తుంది. పోయకండి. మూతపెట్టి గంటసేపు వదిలేస్తే తేమ సమంగా పాకి, మైదాలోని జిగట సడలి, అదే పిండి చెప్పినట్టు వింటుంది. ఆ తర్వాత కార్న్‌ఫ్లోర్ చల్లుకుంటూ అప్పడాల కర్రతో వీలైనంత పలచగా, ఒక మిల్లీమీటరుకు మించకుండా ఒత్తాలి. అద్దడానికి మైదా వాడితే పిండిలో కలిసిపోయి రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి, కార్న్‌ఫ్లోర్ అలా కలవదు. 8 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే 40 దాకా వస్తాయి, పావు కిలో మాంసానికి సరిపోతాయి. మోమోలు చేసేవాళ్లు గుండ్రంగా, మధ్యలో కాస్త మందంగా ఒత్తుతారు. వాంటన్‌కు ఆ మందం పనికిరాదు, రసంలో జారిపోవాలి.

ఒక్కో రేకులో నిండుగా ఒక టీస్పూను ముద్ద. అంచులకు తడి అద్ది, త్రికోణంగా మడిచి, ముద్ద చుట్టూ ఉన్న గాలి నొక్కి బయటికి పంపాలి. గాలి మిగిలితే వేడికి ఉబ్బి రేకును చీలుస్తుంది. రెండు కొసలూ ముందుకు తెచ్చి ఒకదానిమీద ఒకటి అంటిస్తే పాతకాలపు చైనాలో డబ్బుగా చెల్లిన వెండి దిమ్మ ఆకారం వస్తుంది. ఓపిక లేకపోతే త్రికోణం దగ్గరే ఆగిపోండి.

ఉడికించే గిన్నె పెద్దది కావాలి. 15 వాంటన్లకు రెండు లీటర్ల నీళ్లు. తెర్లుతున్నప్పుడు వేసి, గరిటె వెనక వైపుతో అడుగు నుంచి మెల్లగా కదపాలి, లేదంటే అడుగంటుతాయి. తేలగానే ఉడికాయనుకుని తీసేయకండి, తేలడానికి వేడికి ఉబ్బిన గాలీ ఆవిరీ చాలు. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఉంచాలి. మొత్తం నాలుగు నిమిషాలు పట్టవచ్చు. ఒకటి కోసి చూస్తే లోపల గులాబీ రంగు ఉండకూడదు. థర్మామీటరు ఉంటే మధ్యలో పంది మాంసానికి 71, కోడికి 74 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మధ్యలో నీళ్లు మరీ ఎగిరెగిరి తెర్లితే అరకప్పు చన్నీళ్లు పోయండి, రేకు చిరగకుండా ఉంటుంది. వడ్డించే రసంలోనే ఉడికించడం మాత్రం తప్పు. రేకుల పిండి అందులో దిగి రసం గంజిలా తయారవుతుంది.

రసానికి పంది ఎముకలో, కోడి ఎముకలో చాలు. ఒకసారి మరిగించి ఆ తెట్టంతా పారబోసి, కడిగి, కొత్త నీళ్లలో అల్లం ముక్కతో రెండు గంటలు సన్నసెగ మీద ఉంచాలి. పసుపు, ధనియాలు వద్దు. చేయి ఆగదని తెలుసు, అయినా వద్దు. వడ్డించే గిన్నె అడుగున చెంచా సోయా, మిరియాల పొడి, రెండు చుక్కల నువ్వుల నూనె, ఉల్లికాడలు వేసి దానిమీద వేడి రసం పోసి వాంటన్లు దించాలి. హాంకాంగ్ దుకాణాల్లో వాంటన్లు అడుగున, నూడుల్స్ పైన ఉంటాయి. నూడుల్స్ రసంలో నాని మెత్తబడకుండా వాళ్లు తీసుకునే జాగ్రత్త అది.

మన నాలుకకు దగ్గరైనది సిచువాన్ తీరు. గుంటూరు, ఖమ్మం మార్కెట్ల తేజ మిర్చికి చైనా పెద్ద కొనుగోలుదారు, కాబట్టి ఆ వంటకు మన మిర్చి కొత్తేమీ కాదు. అయితే తేజ ఒక్కటే వాడితే కారం తప్ప ఏమీ తెలియదు. రంగుకూ వాసనకూ సగం బ్యాడిగి కారం కలపండి. నాలుగు చెంచాల కారం, ఒక చెంచా నువ్వుల మీద, పొగ రానంత వేడిలో ఉన్న నూనె ఒక కప్పు పోస్తే సుయ్‌మని పొంగుతుంది. నల్లబడితే నూనె ఎక్కువ కాగినట్టు, అది పారేసి మళ్లీ చేయాల్సిందే. మరుసటి రోజుకు రంగు బాగా దిగుతుంది. రెండు చెంచాల మిరప నూనెలో సోయా, వెనిగర్, చిటికెడు చక్కెర, నూరిన వెల్లుల్లి కలిపి, ఉడికిన వాంటన్లను అందులో దొర్లించడమే.

ఒకేసారి ఎక్కువ చేసి దాచుకునేవాళ్లు కార్న్‌ఫ్లోర్ చల్లిన పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి ఫ్రీజర్లో గట్టిపడనిచ్చి, ఆ తర్వాత సంచిలో వేసుకోవాలి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో వేయాలి, ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. కరిగితే ముద్దలో తేమ రేకులోకి దిగి చేతికే అంటుకుంటాయి. మన హోటళ్లలో దొరికే వేయించిన వాంటన్లు చేయాలనుకుంటే మాత్రం ముద్దలో నీళ్లు సగానికి తగ్గించండి. అంత తేమ వేడి నూనెలో ఆవిరై రేకును చీల్చుకుని బయటికొస్తుంది, నూనె చిందుతుంది. ముద్ద కూడా టీస్పూనులో సగమే పెట్టాలి, లేకపోతే రేకు ఎర్రబడినా లోపల మాంసం పచ్చిగానే ఉంటుంది.