పడవ చేరరాని తీరానికి

అండమాన్ ఆదివాసుల జీవితాన్ని యువపాఠకుల ముందుంచే కొన్ని మంచి పుస్తకాలు

షెర్లాక్ హోమ్స్ కథల ద్వారా అండమాన్ వాసిని ఎరిగిన పాఠకులకు అతడు పరిచయమైనది ఒక హంతకుడి రూపంలో. 1890లో వెలువడిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో టోంగా అనే పొట్టి మనిషి ఊదుగొట్టంతో విషపు ముల్లు ప్రయోగించి ప్రాణం తీస్తాడు. ఆ దీవులవారు కురూపులనీ, క్రూరులనీ, నరమాంస భక్షకులనీ హోమ్స్ ఒక పెద్ద గ్రంథం తెరచి చదివి వినిపిస్తాడు. నిజానికి అండమాన్ ఆదివాసుల ఆయుధం విల్లమ్ములు, ఊదుగొట్టం వారెరుగరు. నరమాంస భక్షణమన్నది నావికుల నోట పుట్టిన వదంతి. అయినా ఆ నవల నిలిచింది. దానితోపాటు ఆ నిందా నిలిచింది.

ఇటువంటి నిందను చెరిపివేయడానికి పాఠకుడు స్వయంగా వెళ్లి చూసివచ్చే వీలు లేదు, ఉండకూడదు కూడా. 1956 నాటి ఆదిమ తెగల సంరక్షణ నిబంధనను అనుసరించి జారవా, ఓంగీ, సెంటినలీ తెగల నివాస ప్రాంతాలలో అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. మనకు సామాన్యమైన తట్టు, జలుబు వంటి వ్యాధులు వారికి ప్రాణాంతకాలు కాగలవు. తిండి ఆశ చూపి జారవా స్త్రీలను యాత్రికుల ఎదుట నర్తింపజేసిన దృశ్యాలు 2012లో బయటపడినప్పుడు దేశమంతా సిగ్గుపడవలసివచ్చింది. పడవ చేరరాని అటువంటి తీరానికి, ఎవరినీ గాయపరచకుండా పాఠకుణ్ణి చేర్చగలది మంచి కథ ఒక్కటే.

దీవి బిడ్డే నాయిక

అటువంటి కథ పద్మా వెంకట్రామన్ ఆంగ్లంలో రచించిన 'ఐలండ్స్ ఎండ్'. ఇది 2011లో అమెరికాలో వెలువడింది. మద్రాసులో పుట్టి, అమెరికాలో స్థిరపడిన ఈ రచయిత్రి సముద్ర శాస్త్రజ్ఞురాలు. అండమాన్ దీవులలో తిరిగి, 2004 డిసెంబరు 26 నాటి సునామీ నుండి బయటపడిన ఆదివాసులను కలుసుకొన్న అనుభవమే ఈ నవలకు ప్రేరణ.

కల్పిత తెగకు చెందిన ఉయిదో అనే బాలిక తన జనులకు ఆధ్యాత్మిక మార్గదర్శిగా ఎంపికవుతుంది. ఆ గౌరవంతోపాటే చిక్కులూ వస్తాయి. అన్నకు అసూయ కలుగుతుంది; ప్రాణస్నేహితురాలి మనసులో అనుమానం మొలకెత్తుతుంది. పరదేశులు పడవలలో వచ్చి కానుకలతో యువకులను ఆకర్షిస్తుంటారు. ఇంతలో చిన్న తమ్ముడు మృత్యుముఖంలో పడతాడు. ఏ పరదేశుల రాకకు తాను భయపడుతున్నదో వారి సాయం కోసమే ఉయిదో సముద్రం దాటవలసివస్తుంది.

నవలకు ప్రాణం ఈ సంకటంలోనే ఉన్నది. అడవి అంతా పుణ్యభూమి, నగరమంతా పాపకూపం అని రచయిత్రి తీర్పు చెప్పదు. బిడ్డను బ్రతికించగల వైద్యం అవతలి ఒడ్డున ఉన్నది. తెగను తెగగా నిలబెట్టే జ్ఞానం ఇవతలి ఒడ్డున ఉన్నది. కడపట సునామీ ముంచుకొచ్చినప్పుడు, జనులు ఆమెను నమ్మి వెంట నడుస్తారా అన్నదే ప్రశ్న. పదునాలుగు, పదిహేనేళ్ల వయసులో ఇంటికీ లోకానికీ మధ్య నలిగే ఏ పాఠకుడికైనా ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఇంకా చిన్నవారికి

దీపక్ దలాల్ రచించిన విక్రమ్-ఆదిత్య సాహస గాథలలో రెండు ఈ దీవులవే. ఒకటి జారవాలను గురించినది; రెండవది దేశంలోని ఏకైక సజీవ అగ్నిపర్వతం గల బారెన్ దీవి పేరిట నడిచేది. మద్రాసు మొసళ్ల సంరక్షణ కేంద్రం స్థాపకులలో ఒకరైన జై విటేకర్ వ్రాసిన 'అండమాన్స్ బాయ్'లో, బంధువుల బాధ భరించలేక పారిపోయిన ఆరిఫ్ అనే అనాథ బాలుడు దీవులు చేరి జారవాలను కలుసుకొంటాడు. రెండింటిలోనూ కథ వేగంగా సాగుతుంది. చదివే బిడ్డకు అడవి, సముద్రం కళ్ల ముందు కదలాడుతాయి.

అయితే ఈ నవలలన్నీ బయటివారి ఊహలే. ఆ లోటు తీర్చుకోదలచినవారు భాషావేత్త అన్వితా అబ్బీ 2021లో ప్రకటించిన 'వాయిసెస్ ఫ్రమ్ ది లాస్ట్ హొరైజన్' చదవాలి. గ్రేట్ అండమానీ జనుల నోట స్వయంగా విని సేకరించిన పది కథలు, నలభైఆరు పాటలు అందులో ఉన్నవి. ఆమెకు పాటలు వినిపించిన వృద్ధురాలు బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూయగా, 'బో' భాష మాట్లాడేవారు లేకుండా పోయారు. ఆ కథలు ఇక పుస్తకంలోనే బ్రతకాలి.

తెలుగువారికి ఈ దీవులు పరాయి నేల కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ వీధులలో తెలుగు మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్కడి నుండి ఉత్తరానికి సాగే రహదారి జారవాల అడవిని చీల్చుకొనే పోతుంది. ఇరుగుపొరుగును గురించి తప్పుడు కథ నమ్మడం ఎక్కడైనా అనర్థమే.

అందుకని పిల్లల చేతి నుండి హోమ్స్‌ను లాగివేయనక్కరలేదు. దాని పక్కన ఉయిదో కథ కూడా ఉంచితే చాలు. ఆమెను ఎరిగిన పిల్లలు టోంగాను మళ్లీ చదివినప్పుడు, ఆ పాత పుటలోని అబద్ధం తామే పట్టుకొంటారు.