మామిడిపండ్లు ఎవరికి అమ్మవలెను? వారికి కబురు ఎట్లు చేర్చవలెను?

నూజివీడు, జగిత్యాల వంటి మామిడి ప్రాంతములలో పెక్కుమంది రైతులు తోటను పూత మీదనో, పిందె మీదనో బేరగానికి గుత్తకిచ్చుచున్నారు. గాలివానకు కాయ రాలినను, ధర పడిపోయినను నష్టము బేరగానిది గనుక ఈ పద్ధతిలో కొంత నిశ్చింత కలదు. కాని కాపు నిలిచి ధర పలికిన ఏడు లాభము కూడ అతనిదే. అందుచేత కొందరు రైతులు తోటలో కొంత భాగమును తామే కోసి, మాగవేసి, తినువారికి నేరుగా అమ్ముచున్నారు. ఇట్లు అమ్మదలచినవారు సాధారణముగా మొదట అడుగునది, "ప్రకటన ఎక్కడ వేయించవలెను?" అని. నిజమునకు అది రెండవ ప్రశ్న. మన కాయను ఎవరు కొందురు, అట్టివారు ఎందరు కావలెను అనునది మొదటిది.

ఎందరు కావలెనో ఎవ్వరును లెక్క వేయరు. మూడెకరముల బంగినపల్లి తోట గల రైతు మొదటి ఏడు ఒక టన్ను మాత్రము నేరుగా అమ్మదలచినాడనుకొందము. పెట్టెకు 5 కిలోల చొప్పున 200 పెట్టెలగును. ఒక్కొక్క కుటుంబము ఆ వేసవిలో మూడు పెట్టెలు తీసికొన్నచో 67 ఇండ్లు చాలును. అరువది ఏడు ఇండ్ల కొరకు జిల్లా అంతట చదువు దినపత్రికలో ప్రకటన వేయుట, ఒక మడి తడుపుటకు చెరువు తూము ఎత్తుట వంటిది. పైగా ఆ ప్రకటన చూచి వేయిమంది ఫోను చేసినచో తక్కిన 933 మందికి "కాయ లేదు" అని చెప్పవలసివచ్చును. వారు మరుసటి ఏడు మరల అడుగుదురని చెప్పలేము. మొదటి ఏడే తోట అంతయు నేరుగా అమ్మబూనుట మంచిది కాదు. కోత, ఏరుట, మాగవేయుట, పెట్టెలు కట్టుట, ఫోనులకు జవాబు చెప్పుట అన్నియు ఇంటివారి మీదనే పడును.

ఇక ఎవరు కొందురు? ఒకే తోటలోని కాయకు కొనువారు ఒకే తీరువారు కారు.

ఆవకాయ కాయ

ఆవకాయకు కావలసినది పులుపు గలిగి, టెంక గట్టిపడిన పచ్చికాయ. దీనిని కొనువారు దగ్గరి పట్టణములోని గృహిణులు. వంటవారును, పచ్చళ్ళ దుకాణములవారును కొంత కొందురు. గృహిణులు కిలోల లెక్కన గాక కాయల లెక్కన, ఇరువదియైదో, ఏబదియో కొనుట అలవాటు. కొనుటకు ముందు కాయను చేత పట్టి చూతురు. అవకాశమున్నచో ముక్క నోట వేసికొని పులుపు చూతురు. అట్టివారికి ఫోనులో పంపిన బొమ్మ అంతగా పనికిరాదు. కాయ వారి కంట పడవలెను. రైతుబజారు ఇందుకు తగిన చోటు. 1999 జనవరి 26 నుండి మన ప్రాంతమున వెలసిన ఈ బజారులలో రైతు గుర్తింపు కార్డు పొంది తానే అమ్ముకొనవచ్చును. అది దూరమైనచో అనుమతి తీసికొని, ఆటోకు మైకు కట్టి, ఆదివారము ఉదయమున రెండు మూడు వీధులు తిరిగిన చాలును. కత్తిపీటతో ముక్కలు కొట్టు మనిషిని వెంట తీసికొని వెళ్ళుట మరువరాదు. ముక్కలు కొట్టియిచ్చు బండి వద్దనే జనము నిలుతురు. ఏ ప్రకటనకును అంత బలము లేదు. అయితే ఈ బేరము కొలది వారములే సాగును. ఇంటింట ఆవకాయ పెట్టుట ముగిసిన పిమ్మట ఎంత మైకు వేసినను వినువారుండరు.

మాగిన పండు

బంగినపల్లి, రసములు మాగిన పండుగా కొనువారు వేరు. మంచి ధర ఇచ్చువారిలో నగరములలో అపార్టుమెంటులలో కాపురముండు ఉద్యోగస్థులు ముఖ్యులు. వీరికి బజారులోని పండుపై ఒక భయము కలదు: కార్బైడుతో మాగవేసినారేమోయని. కార్బైడు వాడకము చట్టరీత్యా నిషిద్ధము. ఇథిలీన్ వాయువును పరిమితికి లోబడి వాడవచ్చును. గడ్డిలో మాగవేసిన రైతు ఆ మాటనే కబురులో ముందు చెప్పవలెను. రకము, పెట్టె బరువు, ధర, పంపు దినము, పండు ఎన్నాళ్ళలో తినుటకు వచ్చును, చెడిన పండునకు బదులిత్తురా, ఫోను నెంబరు - ఇంతకు మించి వ్రాయనక్కరలేదు. తోట గొప్పతనమును పొగడుచు వ్రాసిన పొడుగు కబురులు చదువువారు తక్కువ.

వీరికి కబురు చేర్చుటకు వాట్సాప్ అనుకూలమైనది. కాని తెలియని నెంబరు నుండి వచ్చిన కబురును నమ్మరు. కావున మన ఊరినుండి వెళ్ళి నగరమున ఉద్యోగము చేయుచున్న పిల్లలతో ఆరంభించుట మేలు. వారు తమ అపార్టుమెంటు గ్రూపులో "మా ఊరి తోట" అని ఒక్క మాట వేసినచో అది అచ్చు ప్రకటన కంటె ఎక్కువ పని చేయును. ఒక కిటుకు గమనింపవలెను: బ్రాడ్‌కాస్టు పద్ధతిలో పంపిన కబురు, మన నెంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే చేరును. పెట్టెపై అంటించు చీటీలో నెంబరుతోబాటు "ఈ నెంబరు దాచుకొనుడు" అని వ్రాసిన ఈ చిక్కు తీరును. ఒకే అపార్టుమెంటునుండి ఇరువది పెట్టెలు కోరినచో ఆర్టీసీ సరుకు రవాణా ద్వారానో, అద్దె ఆటోలోనో ఒక్కసారి పంపవచ్చును. ఇరువది చోట్లకు ఒక్కొక్కటి పంపినచో కిరాయియే లాభమును తినివేయును.

తోతాపురి మాట వేరు. చిత్తూరు ప్రాంతమున దీనిని గుజ్జు కర్మాగారములు కొనును. వారికి ప్రకటన అక్కరలేదు. రైతులు సంఘముగా కలిసి కాపు పక్వమునకు రాకముందే వెళ్ళి, పరిమాణము, ధర మాటాడుకొనుట తప్ప వేరు మార్గము లేదు.

రేడియో మాట పలువురు అడుగుచుందురు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 నుండి పని చేయుచున్నది. వ్యవసాయ కార్యక్రమములకు రైతులలో మంచి పేరు కలదు. కాని వానిని వినువారు రైతులు. మామిడిపండ్లు గల రైతు మామిడిపండ్లు గల రైతులకే తన సరుకు చాటిన ప్రయోజనమేమి? అదే రైతు అంటు మొక్కలు అమ్మదలచినచో రేడియో, వ్యవసాయ పత్రిక, కృషి విజ్ఞాన కేంద్రపు సభ అన్నియు తగినవే. అప్పుడు కొనువాడు రైతే గదా!

ఖర్చు లెక్క

కొన్నవారినందరిని "మా సంగతి మీకెట్లు తెలిసినది?" అని అడిగి నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. ఉదాహరణకు, 2,000 కరపత్రములు అచ్చు వేయించి దినపత్రికలలో పెట్టించుటకు 3,000 రూపాయలైనదనుకొందము. వానిని చూచి 12 ఇండ్లవారు ఒక్కొక్క పెట్టె కొన్నచో పెట్టెకు 250, అనగా కిలోకు 50 రూపాయలు కరపత్రమునకే పోయినట్లు. గ్రూపులో మాట వేసిన మిత్రునికి రెండు పెట్టెలు ఊరక ఇచ్చినను అంత కాదు. వ్రాత లేనిచో, కరపత్రములు వేసిన వారమున అమ్మకము పెరిగినదని మురిసి మరల అదే ఖర్చు పెట్టుదుము.

ఎంత జాగ్రత్తపడినను కొన్ని పండ్లు ఎక్కువ మాగి మిగులును. వీనికి వేరొక కొనువారిని ముందే చూచుకొనవలెను. తాండ్ర పోయువారు, పండ్లరసము దుకాణములవారు ఇట్టి పండు తీసికొందురు. వారి ఫోను నెంబర్లు కోతలు మొదలు కాకముందే నోటుపుస్తకపు మొదటి పుటలో ఉండవలెను. మాగిన పండు రెండు దినములకు మించి ఆగదు.