ఒక శబ్దము, రెండు చూపులు

ప్రసారమునకు ముందు ధ్వనిముద్రణలను సవరించుటకు మేము ఆడాసిటీ అను కంప్యూటరు సాధనమును వాడుచుందుము. ఇది 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆరంభమై, 2000లో వెలువడినది.

దీని కిటికీలో శబ్దము మొదట తరంగరూపమున కనబడును. ఎత్తు తీవ్రతను తెలుపును. అడ్డముగా కాలము సాగును. దగ్గు ఎచ్చటనో, విరామమెచ్చటనో ఇట్టే పట్టుకొనవచ్చును. కాని ఒక పాత హరికథలో వినవచ్చు సన్నని రొద ఇందు మాకు చిక్కలేదు. అది విరామములలోనే యున్నదని భ్రమించి కథకుని ఊపిరిని కోసివేసితిమి. రొద పోలేదు, కథ మాత్రము నిర్జీవమైనది.

కోతలను రద్దుచేసి, అదే కిటికీలో ట్రాకు జాబితానుండి స్పెక్ట్రోగ్రామును ఎన్నుకొంటిమి. ఇందు నిలువుగా స్వరస్థాయి, రంగును బట్టి తీవ్రత. గాత్రము వంకలు తిరుగుచు పోవుచుండగా, అట్టడుగున ఒక గీత మొదటినుండి తుదివరకు చెదరక సాగుచున్నది. సెకనుకు 50 ఆవృత్తులు గల మన విద్యుత్తు చేసిన రొద అదియే!

చూపు మార్చినంతమాత్రమున శబ్దము మారదు గనుక జంకనక్కరలేదు. 2020లో వచ్చిన 2.4 కూర్పునుండి రెండు చూపులను ఒకదానిక్రింద నొకటిగా నుంచుకొనవచ్చును. ఆ విధముగా చూచుచు గీతను మాత్రమే తగ్గించితిమి, ఊపిరి నిలిచినది.